నేరం ఛేదించే ఆట: టికెట్టుకు తగ్గ సరుకేనా?

ఉత్తుత్తి నేరాన్ని అసలు శాస్త్ర పద్ధతులతో ఛేదించమని సందర్శకుడికే అప్పగించే ప్రదర్శనలు గత రెండు దశాబ్దాల్లో ప్రపంచమంతటా పాకాయి. మామూలు మ్యూజియంలో అద్దాల బీరువాలో వస్తువు, పక్కన చీటీ ఉంటాయి. ఇక్కడ నేరస్థలం నమూనా, ఆధారాలు, ప్రయోగశాల బల్లలు, అనుమానితుల జాబితా ఉంటాయి. దోషి ఎవరో చివర్లో సందర్శకుడే తేల్చాలి. ఈ రకంలో బాగా పేరుపడినది ‘సీఎస్ఐ: ది ఎక్స్‌పీరియన్స్’. 2000లో మొదలైన అమెరికా టీవీ ధారావాహిక ఆధారంగా ఫోర్ట్‌వర్త్ సైన్స్, చరిత్ర మ్యూజియం దీన్ని తయారుచేసింది. 2007లో షికాగోలో తొలిసారి తెరిచారు. 2009లో లాస్ వెగాస్‌లో ఒక హోటల్లో స్థిరంగా పెట్టారు. 2013లో పోర్ట్‌లాండ్ సైన్స్ మ్యూజియంలో షెర్లాక్ హోమ్స్ అంతర్జాతీయ ప్రదర్శన మొదలైంది. జపాన్‌లోని క్యోటోలో 2007లో పుట్టిన ఎస్కేప్ రూమ్ ఆట కూడా దీనికి దగ్గరి చుట్టమే. గదిలో బంధించిన జట్టు ఆనవాళ్లు వెతికి గడువులోగా బయటపడే ఆ ఆట ఇప్పుడు మన నగరాల్లోనూ నడుస్తోంది.

ఇలాంటి వాటికి టికెట్టు కొనడం దండగా, గిట్టుబాటా అన్న ప్రశ్న ఆదాయాన్ని బట్టి మారుతుంది. అందుకే ఈ సంవాదం సూరత్‌లోని లింబాయత్‌ను వేదిక చేసుకుంటోంది. తెలంగాణ నుంచి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా పవర్‌లూమ్‌ల మీద బతుకుతున్న పేట ఇది. సూరత్ మున్సిపల్ పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమమూ ఉండటానికి ఇలాంటి వలసలే కారణం. సంవాదంలో పాల్గొనేవారు ఇద్దరు. తెలుగు మాధ్యమంలో సైన్సు చెప్పే సారు ప్రదర్శనల పక్షం. సాంచెల (పవర్‌లూమ్‌ల) కార్ఖానా నడిపించే మేస్త్రి వాటికి వ్యతిరేకం.

ధర అంటే ఎంత

మేస్త్రి: సారూ, గేటు దగ్గర రాసిన అంకె ఒక్కటే ధర కాదు. సాంచె మీద పనిచేసేటోనికి నెల జీతం ఉండది. మీటరుకు ఇంత అని కూలి. పన్నెండు గంటల షిఫ్టు ఒకటి పోతే ఆ పూట తాకా (బట్ట చుట్ట) దిగది, పైసలు రావు. ఇంటి నుంచి నలుగురు పోతే నాలుగు టికెట్లు, ఆటో కిరాయి, బయట తిండి, పోయిన షిఫ్టు. గివన్నీ కూడితేనే అసలు ధర. గింత పెట్టి చూసేది ఏంది? నేల మీద సుద్దగీత, గోడ మీద ఎర్ర రంగు!

సారు: లెక్క మీరన్నట్టే వేద్దాం అన్నా. అయితే అవతలి పళ్లెంలో ఏముందో కూడా చూడాలి. షికాగోలో తెరిచిన ప్రదర్శనలో మూడు కేసులు ఉండేవి. ఇంట్లోకి కారు దూసుకెళ్లిన కేసు ఒకటి, సందులో శవమై దొరికిన యువతి కేసు ఒకటి, ఎడారిలో బయటపడిన ఎముకల కేసు ఒకటి. సందర్శకుడు ముందు నేరస్థలాన్ని చూసి కాగితం మీద రాసుకుంటాడు. తర్వాత ప్రయోగశాల బల్లల దగ్గర వేలిముద్ర, డీఎన్ఏ, తుపాకీ గుండు మీది గీతలు, విషపదార్థాలు ఒక్కొక్కటిగా పరిశీలిస్తాడు. శవపరీక్ష గది దాటాక తన నిర్ణయం చెబుతాడు. సినిమాలో కూర్చుంటే కథ ఎవరో నడిపిస్తారు. ఇక్కడ చూసేవాడి కళ్లు, చేతులు పనిచేయకపోతే కథ కదలదు.

మేస్త్రి: కదలకుంటే మీట నొక్కుతరు, కదులుతది. గసొంటి చోట్ల నేను చూసిందల్లా పోరలు పరుగెత్తుకుంట పోయి అన్ని మీటలు నొక్కుడు, ఎన్క రాసింది చదవకుండ ఇంకో బల్లకు ఉరుకుడు. సగం మిషన్లు చెడిపోయి ఉంటయి. చేతులు పెట్టంగనే చదువొచ్చినట్టా?

సారు: రాదు. చేతులు కదిలినంత మాత్రాన బుర్ర కదలదు. కాబట్టి ప్రదర్శన మంచిదా కాదా అన్నది మీటల సంఖ్య చెప్పదు. చూసినదాన్ని రాయమంటోందా, రాసినదాని మీద నిర్ణయం అడుగుతోందా అన్నది చూడాలి. బల్ల దగ్గర వివరించే మనిషి ఉన్నాడా అన్నది అంతకంటే ముఖ్యం. టికెట్టు సొమ్ములో ఆ మనిషి జీతం లేకపోతే మీ మాటే నిజమవుతుంది.

నేర్పే విద్య ఏమిటి

సారు: ఈ ప్రదర్శనలన్నిటికీ మూలసూత్రం ఒకటే. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో 1910లో పోలీసు ప్రయోగశాల స్థాపించిన ఎడ్మండ్ లొకార్డ్ పేరుతో దాన్ని చెబుతారు. రెండు వస్తువులు తాకితే ఒకదాని ఆనవాలు ఇంకోదానికి అంటుకుంటుంది. దొంగ ఇంటి నుంచి ఏదో తీసుకుపోతాడు, ఏదో వదిలిపోతాడు. వేలిముద్ర, వెంట్రుక, మట్టి, పోగు అన్నీ ఆ వదిలిపోయినవే. పాఠంగా చెబితే ఇది ఒక వాక్యం. వెతికి పట్టుకుంటే పిల్లవాడి సొంతమవుతుంది.

మేస్త్రి: ఫ్రాన్స్, అమెరికా ముచ్చట్లేనా? మన దిక్కు ఏమీ లేదా చూపెట్టనీకి?

సారు: చాలా ఉంది. బెంగాల్‌లోని జంగీపూర్‌లో 1858లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక గుత్తేదారు చేత ఒప్పందం మీద చేతిముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు, లోకంలో అలాంటిది అదే మొదటిది. ముద్రలను వర్గీకరించే పద్ధతికి ఎడ్వర్డ్ హెన్రీ పేరు వచ్చింది కానీ, దాని వెనక పనిచేసింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్లు. హైదరాబాద్‌కూ ఇందులో వాటా ఉంది. అక్కడి సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ కట్లపాము జాతి మీద చేసిన పరిశోధన నుంచి డీఎన్ఏ ముద్రలు తీసే సొంత పద్ధతి తయారైంది. 1989లో కేరళలో ఒక పితృత్వ వివాదంలో కోర్టు ముందు దాన్ని వాడారు. రాజీవ్ గాంధీ హత్య కేసు దర్యాప్తులోనూ అది పనికొచ్చింది. తర్వాత ఇదే పని కోసం హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే సంస్థ వెలిసింది.

మేస్త్రి: గివన్నీ పుస్తకంల ఉన్నయి, ఫోన్ల ఉన్నయి. పైసా ఖర్చు లేకుండ మీరే చెప్తున్నరు కద!

సారు: చెప్పగలను. చేయించడం వేరు. రెండు వేలిముద్రలు పక్కపక్కన పెట్టి గీత ఎక్కడ చీలింది, ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ సుడి తిరిగింది అని పోల్చమంటే మొదట అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పది నిమిషాలు చూశాక తేడాలు బయటపడతాయి. ఆ పది నిమిషాల ఓపికను మాటల్లో అందించలేను.

ఆటలో దోషి, కోర్టులో దోషి

మేస్త్రి: అసలు లోపం ఏందంటే, ఆటల జవాబు ముందే రాసిపెట్టి ఉంటది. ఆధారాలన్నీ శుభ్రంగ ఒకే మనిషిని చూపెడతయి. బయట అట్ల ఉంటదా? పోలీస్ టేషన్‌కు పోయినోనికి తెలుస్తది.

సారు: ఉండదు. మీ మాటకు బలమిచ్చే ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 1897లో జల్పాయ్‌గుడి తేయాకు తోటల మేనేజర్ హత్యకు గురయ్యాడు. అక్కడ దొరికిన పంచాంగం మీద నెత్తురు బొటనవేలి ముద్ర ఉంది. అది గతంలో అతని దగ్గర పనిచేసిన మనిషి ముద్రతో సరిపోయింది. వేలిముద్ర ఆధారంగా శిక్ష పడిన తొలి కేసుల్లో ఇదొకటి. అయితే 1898లో కోర్టు అతనికి దొంగతనానికి మాత్రమే శిక్ష వేసింది. ముద్ర అతను అక్కడున్నాడని చెప్పింది, పొడిచింది అతనేనని చెప్పలేదు.

మేస్త్రి: మరి ఏ ప్రదర్శనలనన్న చివరికి ‘దొంగతనం రుజువైంది, హత్య రుజువు కాలేదు’ అని వస్తదా? రాదు. గంట కొట్టి ‘నువ్వు గెలిచినవ్’ అంటరు. పోరడు ఇంటికి ఏం నేర్చుకొని వస్తడు? మిషన్ చెప్పింది కాబట్టి నిజమే అని.

సారు: ఈ అభ్యంతరం చిన్నది కాదు. 2004లో మాడ్రిడ్ రైళ్ల పేలుళ్ల తర్వాత దొరికిన ఒక ముద్రను చూసి అమెరికా ఎఫ్‌బీఐ ఒరెగాన్‌లోని బ్రాండన్ మేఫీల్డ్ అనే న్యాయవాదిని అరెస్టు చేసింది. ఆ ముద్ర ఇంకొకరిదని స్పెయిన్ పోలీసులు తేల్చాక వదిలిపెట్టి క్షమాపణ చెప్పింది. వేలిముద్రల్లో తలపండిన నిపుణులే అక్కడ పొరపడ్డారు. 2009లో అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ పరిశీలించి, డీఎన్ఏ తప్ప మరే ఫోరెన్సిక్ పద్ధతీ ఒక ఆధారాన్ని ఒకే వ్యక్తికి నిస్సందేహంగా ముడిపెట్టగలదని గట్టి పరీక్షలతో రుజువు కాలేదని చెప్పింది. మన సుప్రీంకోర్టు కూడా 2010లో సెల్వి కేసులో ఒక హద్దు గీసింది. మనిషి సమ్మతి లేకుండా నార్కో పరీక్ష, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయరాదని తీర్పు చెప్పింది. సినిమాల్లో మాత్రం ఇంజెక్షన్ ఇవ్వగానే నిజం బయటికి వస్తుంది.

మేస్త్రి: అంటే నా మాటే నెగ్గింది కద?

సారు: సగం నెగ్గింది. టీవీ ధారావాహికలు చూసిన జ్యూరీ సభ్యులు శాస్త్రీయ ఆధారం లేనిదే శిక్ష వేయరన్న భయం అమెరికాలో ప్రబలింది. దానికి ‘సీఎస్ఐ ప్రభావం’ అని పేరు పెట్టారు. మిషిగన్‌లో డొనాల్డ్ షెల్టన్ అనే న్యాయమూర్తి 2006లో జ్యూరీకి పిలిచిన సుమారు వెయ్యి మందిని అడిగి చూశాడు. ఆధారాల మీద వాళ్ల ఆశలు పెరిగాయి. కానీ శిక్ష వేయాలా వద్దా అన్న నిర్ణయం మీద ఆ ధారావాహికల ప్రభావం దాదాపుగా కనబడలేదు. మన దగ్గర క్రిమినల్ కేసుల్లో జ్యూరీ పద్ధతే పోయింది. కాబట్టి ప్రదర్శన చూసి తీర్పులు చెడతాయన్న బెంగ అక్కర్లేదు. పిల్లల మనసులో తప్పుడు ధీమా నాటుకుంటుందన్న భయం మాత్రం ఉండాల్సిందే. దానికి మందు ప్రదర్శనలోనే ఉండాలి. పొరపాటు పడే దారిని తెరిచి ఉంచాలి. తప్పు మనిషిని పట్టుకున్న పిల్లవాడికి ఏ ఆధారాన్ని ఎక్కువ నమ్మాడో, దేన్ని చూడకుండా వదిలేశాడో చూపాలి. ఒప్పు జవాబుకు చప్పట్లు కొట్టి పంపేసేదాన్ని ఆట అందాం. తప్పు జవాబు దగ్గర ఆపి మాట్లాడేదాన్ని బడి అందాం.

పోగు చెప్పే సాక్ష్యం

మేస్త్రి: ఆధారం చదువుడు అంటున్నరు కద, మా పని అదే. బట్ట చేతిల పట్టుకుంటే పడుగు ఏందో పేక ఏందో చెప్త. అంగుళానికి ఎన్ని పోగులు పడ్డయో లెక్క పెడ్త. తప్పు ఎక్కడుందో చూసి బీముదా, సాంచెదా, రాత్రి షిఫ్టోడు నిద్రపోయిండా అని పట్టుకుంట. పోగు ఒకటి కాలిస్తే నూలా పాలిస్టరా తెలుస్తది. నూలు కాగితం కాలినట్టు వాసనొచ్చి బూడిదైతది. పాలిస్టర్ మంట నుంచి ముడుచుకొని, కరిగి, గట్టి పూసయితది. దీనికి ఎవడు టికెట్టు పెట్టిండు?

సారు: ఫోరెన్సిక్ ప్రయోగశాలలోనూ పోగుతో ఇలాంటి పనే చేస్తారు. తేడా ఏమంటే సాక్ష్యాన్ని కాల్చేస్తే మళ్లీ రాదు కనుక ముందు సూక్ష్మదర్శిని కింద చూస్తారు, మందం కొలుస్తారు, అడ్డుకోత ఆకారం చూస్తారు, రంగు ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో పరికరంతో పోలుస్తారు. 1982లో అట్లాంటాలో వేన్ విలియమ్స్‌కు రెండు హత్యల్లో శిక్ష పడటానికి పోగులే ముఖ్య సాక్ష్యం. మృతదేహాల మీద దొరికిన ఆకుపచ్చ తివాచీ పోగు అడ్డుకోత మామూలుగా లేదు, మూడు రెక్కలుగా ఉంది. దాన్ని తీసిన కంపెనీ ఏది, ఆ తివాచీ ఎంత అమ్ముడుపోయింది అన్నది మిల్లు లెక్కల నుంచి తవ్వి తీశారు. నేత పరిశ్రమ చిట్టాలు కోర్టులో సాక్ష్యమయ్యాయి. ఆ కేసు మీద వాదోపవాదాలు తర్వాతా ఆగలేదు.

మేస్త్రి: అట్లయితే సూరత్‌ల దొరికిన తెల్ల పాలిస్టర్ పోగుకు విలువ ఉండది సారూ. ఊరంతా అదే కద! ఎవని అంగీకి చూసినా నాలుగు పోగులు అంటుకొని ఉంటయి.

సారు: శాస్త్రవేత్తలు కూడా అదే అంటారు. తెల్ల నూలు పోగు, నీలం జీన్స్ పోగు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి కాబట్టి సాక్ష్యంగా వాటికి బలం తక్కువ. ఆధారం విలువ అది సరిపోవడంలోనే ఉండదు, అది ఎంత అరుదు అన్నదాంట్లో ఉంటుంది. మీరు పని అనుభవంతో చెప్పిన ఈ మాటను ప్రదర్శనలో ఒక బల్ల స్పష్టంగా చెప్పగలిగితే ఆ బల్ల ఒక్కటి టికెట్టులో సగం ఖరీదు చేస్తుంది.

చౌక దారులు

మేస్త్రి: సగమే అంటున్నరు. మిగతా సగానికి వేరే తోవ ఉంది కద. సిటీలైట్ రోడ్ల మున్సిపాలిటోళ్ల సైన్స్ సెంటర్ ఉంది. గ్రహాల బొమ్మలు చూపెట్టే గుండ్రటి హాలు, మ్యూజియం అన్నీ ఒక్కకాడనే.

సారు: ఉంది. దక్షిణాన వల్సాడ్ జిల్లా ధరంపూర్‌లో 1984 నుంచి జిల్లా విజ్ఞాన కేంద్రం ఉంది. అది జాతీయ విజ్ఞాన మ్యూజియంల మండలిది. ఆ మండలి కేంద్రం ఒకటి 1993 నుంచి తిరుపతిలోనూ నడుస్తోంది. ప్రజాధనంతో నడిచేవి కాబట్టి లాభం కోసం తిరిగే ప్రదర్శనలకంటే ఇవి చౌక. ప్రదర్శననే బస్సులో పెట్టి బడికి తీసుకెళ్లే పద్ధతి కూడా ఉంది. 1965లో బెంగాల్లో మొదలైంది. బస్సు బడి ముందుకు వస్తే మీ షిఫ్టు పోదు.

మేస్త్రి: బళ్లెనే చేయిస్తే?

సారు: కొంత చేయించవచ్చు. గాజు గ్లాసు మీద పడిన ముద్ర మీద పెన్సిల్ ముల్లు పొడి మెత్తటి బ్రష్‌తో చల్లి, పారదర్శకమైన టేపుతో ఎత్తి, తెల్ల కాగితం మీద అంటిస్తే చాలు. వడపోత కాగితం మీద నీళ్లలో కరిగే మూడు రకాల నల్ల సిరా చుక్కలు పెట్టి అంచును నీళ్లలో ముంచితే ఒక్కో సిరా ఒక్కోలా రంగులు విడిపోతుంది. బెదిరింపు చీటీ ఏ పెన్నుతో రాశారన్న ప్రశ్నకు అదే మొదటి మెట్టు. నాలుగు రకాల గుడ్డపీలికలు మీ కార్ఖానా నుంచే వస్తాయి. డీఎన్ఏ పట్టీలు, గుండు గీతలు పోల్చే జంట సూక్ష్మదర్శిని, ఎముక చూసి వయసు అంచనా వేయడం మాత్రం బడిలో దొరకవు. వాటి కోసమే టికెట్టు కొనాలి.

మేస్త్రి: కొన్నమే అనుకుందాం. బల్ల మీద రాత ఏ భాషల ఉంటది? గుజరాతీ, హిందీ, ఇంగ్లీషు. తెలుగు మీడియం పోరనికి అండ్ల సగం అందది. సగమే అందినప్పుడు పూర ధర ఎందుకు పెట్టాలె?

సారు: సరైన ప్రశ్న. ఆధారాలను చదివి తేల్చే ఆటలో భాష అందకపోతే కథే తప్పిపోతుంది. అందుకే పిల్లలను ఒంటరిగా పంపకుండా బడి తరఫున గుంపుగా, ముందురోజు తెలుగులో పాఠం చెప్పి తీసుకెళ్లాలి. గుంపుకు తగ్గింపు కూడా అడగవచ్చు.

మేస్త్రి: ఇంకొక్క మాట. ప్రదర్శన చూసినంక పోరనికి నౌకరీ వస్తదని ఆశ పెడ్తరు కొందరు.

సారు: ఆశ పెట్టకూడదు, దారి చెప్పవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. రాష్ట్రాలు దీన్ని అమలు చేయడానికి అయిదేళ్ల గడువు ఇచ్చారు. అంటే నిపుణుల అవసరం పెరుగుతుంది. ఈ చదువుకు దేశంలో ప్రధాన కేంద్రం ఇదే రాష్ట్రంలో గాంధీనగర్‌లో ఉంది. గుజరాత్ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయంగా మొదలై 2020లో జాతీయ విశ్వవిద్యాలయమైంది. సూరత్‌లోనే ప్రాంతీయ ప్రయోగశాల ఉంది. అయితే అక్కడికి చేర్చేది రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, లెక్కలు. ప్రదర్శన చేయగలిగేది ఆ చదువులు ఎందుకో చూపించడం వరకే.

కొనే ముందు చూడాల్సినవి

ఇద్దరి వాదాలూ కలిసిన చోట కొన్ని కొలతలు తేలతాయి. మొదటిది, ప్రదర్శన సందర్శకుడి చేత రాయించి, పోల్పించి, నిర్ణయం చెప్పించాలి. దోషి పేరు చివరి తెర మీద దానంతట అదే వచ్చేస్తే చూసింది సినిమానే. రెండోది, జవాబు తప్పినవారికి ఎందుకు తప్పిందో వివరించే ఏర్పాటు ఉండాలి. మూడోది, ఏ ఆధారం ఎంతవరకు రుజువు చేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పాలి. జల్పాయ్‌గుడి తీర్పు ఈ కొలతకు నమూనా. నాలుగోది, బల్లల దగ్గర మనుషులు ఉండాలి, పరికరాలు పనిచేస్తుండాలి. అయిదోది, సందర్శకుడికి అర్థమయ్యే భాషలో వివరణ దొరకాలి.

ఈ అయిదింటిలో మొదటి మూడు లేని ప్రదర్శన ఎంత చౌకైనా సారు దృష్టిలో కూడా దండగే. అయిదూ ఉన్నదైతే, హైస్కూలు వయసు పిల్లలను బడి ద్వారా, తగ్గింపు ధరకు, షిఫ్టు పోగొట్టుకోకుండా పంపడానికి మేస్త్రికీ అభ్యంతరం లేదు. చదివి పోల్చే వయసు రాని చిన్నపిల్లలకు, మీటరు కూలి మీద నడిచే ఇంట్లో నలుగురూ కలిసి పూర్తి ధరకు వెళ్లడానికి ఆ సొమ్ము తగదన్న మేస్త్రి మాటను సారు ఖండించలేదు. ఒకే కేసు కోసం రెండోసారి వెళ్లడం కూడా వృథాయే, ఎందుకంటే దోషి ఎవరో తెలిశాక వెతకడానికి ఏమీ మిగలదు. వేర్వేరు కేసులు ఉన్నచోట మాత్రం రెండో టికెట్టుకు కొత్త సరుకు దొరుకుతుంది.